గున్నార్ సమాధి దగ్గర ఆగిన కథ: షేమస్ హీనీ కవిత్వంలో నార్స్ గాథ, ఐర్లండ్ రాజకీయం

షేమస్ హీనీ (1939–2013) నాలుగో కవితాసంపుటి ‘నార్త్’ 1975లో వెలువడింది. ఉత్తర ఐర్లండ్‌లో బ్రిటిష్ సైన్యం వీధుల్లోకి దిగి అప్పటికి ఆరేళ్లు. విచారణ లేని నిర్బంధాలు 1971 ఆగస్టులో మొదలయ్యాయి. 1972 జనవరి 30న డెర్రీ నగరంలో పౌరహక్కుల ఊరేగింపుపై సైనికులు జరిపిన కాల్పుల్లో ఆ రోజే 13 మంది చనిపోయారు. అదే సంవత్సరం హీనీ బెల్‌ఫాస్ట్‌లో అధ్యాపక ఉద్యోగం వదిలి, సరిహద్దు దాటి దక్షిణాన విక్లో జిల్లాలోని గ్లాన్‌మోర్‌కు కుటుంబంతో తరలిపోయాడు. డెర్రీ జిల్లా కాథలిక్ రైతు కుటుంబంలో పుట్టిన కవి కల్లోలకాలంలో ఉత్తరాన్ని విడిచి వెళ్లడం సహజంగానే చర్చకు గురైంది. ఆ వెళ్లిపోవడం గురించిన అపరాధభావం ‘నార్త్’ చివరి కవిత ‘ఎక్స్‌పోజర్’లో బాహాటంగానూ, మిగిలిన పుస్తకంలో లోలోపలా వినిపిస్తుంది.

ఆ పుస్తకాన్ని గురించిన ప్రధాన వివాదం తెలిసినదే. కళ్లెదుట జరుగుతున్న హత్యలను ప్రాచీన ఉత్తర యూరప్ కర్మకాండల సరసన నిలబెట్టడం వాటిని అర్థం చేసుకోవడమా, లేక వాటికి తెలియకుండానే ఒక పవిత్రతను అంటగట్టడమా? ‘ది ఆనెస్ట్ అల్‌స్టర్‌మన్’ పత్రికలో సమీక్ష రాసిన బెల్‌ఫాస్ట్ కవి కియరన్ కార్సన్ రెండోదే నిజమన్నాడు. రాజకీయ కారణాలున్న హింసను పురాగాథగా మారిస్తే అది ఎన్నటికీ తప్పనిదిగా కనిపిస్తుందనీ, కవి హింసకు ఆస్థానకవి అయిపోతాడనీ ఆయన వాదన సారాంశం. ఈ ఆక్షేపణ తేలికగా తోసిపుచ్చదగినది కాదు. అయితే దాన్ని సంపుటి మొత్తానికి ఒకేలా వర్తింపజేయడంలో పొరపాటు ఉందని ప్రస్తుత వ్యాసం వాదిస్తుంది. ‘నార్త్’లో రెండు ఉత్తరదిశలున్నాయి. ఆ రెంటినీ విడదీసి చూస్తే కార్సన్ మాట ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ నిలవదో తెలుస్తుంది.

మొదటి ఉత్తరదిశ డెన్మార్క్ బాగ్‌లది. బాగ్ అనే మాటకు తెలుగులో సరైన సమానార్థకం లేదు. చిత్తడినేల అంటే కొంత దగ్గరవుతుంది. కాని వేల ఏళ్లుగా మొక్కలు పూర్తిగా కుళ్లిపోకుండా పొరలుగా పేరుకున్న నల్లని పీట్ మన్ను, ఐర్లండ్ పల్లెల్లో ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో పెట్టే ఆ మన్ను, చిత్తడినేల అన్న మాటలో స్ఫురించదు. గాలి సోకని ఆ ఆమ్లజలంలో పడిన మానవదేహం చర్మంతో, గోళ్లతో, ముఖంలోని ముడతలతో సహా నిలిచిపోతుంది. డేనిష్ పురావస్తు శాస్త్రవేత్త పి.వి. గ్లోబ్ ఇలాంటి దేహాలపై రాసిన పుస్తకం 1969లో ‘ది బాగ్ పీపుల్’ పేరుతో ఇంగ్లీషులో వచ్చింది. వీరిలో అనేకులు భూమిదేవతకు ఇచ్చిన నరబలులని గ్లోబ్ భావించాడు. అందుకు ఆధారంగా రోమన్ చరిత్రకారుడు టాసిటస్ క్రీ.శ. 98లో రాసిన ‘జర్మానియా’లోని నెర్తుస్ దేవత వర్ణనను తీసుకున్నాడు. 1972 నాటి ‘వింటరింగ్ అవుట్’లోని టోలుండ్ మనిషి కవిత, ‘నార్త్’లోని గ్రౌబాల్ మనిషి కవిత, ‘పనిష్‌మెంట్’ వంటివి ఆ పుస్తక పఠనంలోంచి పుట్టాయి.

రెండో ఉత్తరదిశ ఐస్‌లాండ్ సాగాలది. సాగా అంటే వ్యుత్పత్తి ప్రకారం చెప్పబడినది. పదమూడో శతాబ్ది ప్రాంతంలో గద్యంలో రాసిన ఈ గాథల్లో అంతకు మూడు వందల ఏళ్ల కిందటి రైతులు, వారి పొలం తగాదాలు, వివాహాలు, వ్యాజ్యాలు, హత్యలు, హత్యకు చెల్లించే పరిహారాలు ఉంటాయి. దేవతలకు ఇచ్చే బలులకు ఇక్కడ ప్రాముఖ్యం తక్కువ. ఎవరు ఎవరిని ఎందుకు చంపారు, ఆల్థింగ్ అనే మహాసభలో ఎవరు ఎవరి పక్షాన నిలిచారు, కుదిరిన రాజీ ఎందుకు చెడింది అన్నవే కథ. ఈ రెండు లోకాల మధ్య కాలంలోనూ పెద్ద దూరముంది. టోలుండ్ మనిషి క్రీస్తుపూర్వపు ఇనుపయుగంవాడు. వైకింగ్‌ల నౌకలు ఐర్లండ్ తీరానికి వచ్చేనాటికి అతడు బాగ్‌లో వెయ్యేళ్లకు పైగా పడి ఉన్నాడు. టాసిటస్ కూడా అతని తరవాత కొన్ని శతాబ్దాలకు రాసినవాడే. విమర్శలో మాత్రం ఈ రెంటినీ కలిపి హీనీ ఉత్తర పురాగాథ అనడం జరుగుతూ వచ్చింది. సంపుటి పేరు కూడా ఆ కలయికకు దోహదం చేసిందని ఒప్పుకోవాలి.

కాలం కంటే పెద్ద భేదం మరొకటి ఉంది. బాగ్ కవితల్లో చనిపోయినవారికి పేర్లు లేవు, చంపినవారికీ లేవు. ఉన్నది నేల, ఆకలిగొన్న దేవత, రుతుచక్రం. మనిషి నిర్ణయానికి అక్కడ చోటు తక్కువ. సాగాలో ప్రతి దెబ్బకూ కర్త ఉంటాడు, ఆ కర్తకు తండ్రి పేరు ఉంటుంది, హత్యకు ముందు వద్దని వారించినవాడు కూడా తరచు ఉంటాడు. హింసను విధిగా మార్చేశాడన్న ఆరోపణ మొదటి లోకానికి సరిపోతుంది. రెండో లోకం స్వభావరీత్యా ఆ ఆరోపణకు లొంగదు.

‘పనిష్‌మెంట్’ను చూడండి. ఉత్తర జర్మనీలోని విండేబీలో 1952లో దొరికిన ఒక దేహాన్ని, తల గొరిగి ముంచి చంపిన యువతిదిగా గ్లోబ్ వర్ణించాడు. భర్తను మోసగించిన స్త్రీకి జుట్టు కత్తిరించే శిక్షను గురించి టాసిటస్ చెప్పిన మాట ఆ ఊహకు ఆధారం. కవితలోని వక్త ఆమెను ప్రేమతో, దాదాపు కామంతో చూస్తాడు. ఆ కాలంలో తాను ఉండి ఉంటే మౌనంగా నిలబడి, ఆ మౌనాన్నే రాళ్లుగా రువ్వినవాణ్ణయ్యేవాడినని ఒప్పుకుంటాడు. వెంటనే వర్తమానంలోకి వస్తాడు. బ్రిటిష్ సైనికులతో తిరిగారని సొంత సమాజంవారే తారు పూసి కట్టేసిన యువతుల విషయంలో తాను నోరు మెదపలేదనీ, నాగరికుడిగా ఆగ్రహిస్తూనే ఆ తెగ ప్రతీకారాన్ని లోలోపల అర్థం చేసుకోగలననీ అంటాడు. ఈ ఒప్పుకోలులో నిజాయితీ ఉంది. కాని అర్థం చేసుకోవడం దగ్గరే కవిత ఆగిపోయింది. ఎవరు నిర్ణయించారు, ఎవరి ఆజ్ఞ, ఆ యువతి ఏమంది అన్న ప్రశ్నలు బాగ్ లోతులో కలిసిపోయాయి. కార్సన్ అసంతృప్తి ఇక్కడ న్యాయమే.

విండేబీ దేహం తరవాతి కథ మన చర్చకు అవసరం. ఆ దేహం స్త్రీది కాదనీ, సుమారు 16 ఏళ్ల బాలుడిదనీ తరవాతి శాస్త్రీయ పరీక్షలు తేల్చాయి. ఇది కవితను చెడగొట్టదు. కవికి అప్పుడు తెలిసింది అంతే. అయితే ఆ దోషిని బాగ్ ఇవ్వలేదు, టాసిటస్ వాక్యం ఇచ్చిందన్న సంగతి దీనివల్ల తేటతెల్లమైంది. మన్ను మౌనంగా ఉంది కనుకనే దానిపై ఏ కథనైనా రాయగలిగారు. సాగాతో అలా కుదరదు. దానికి తనదైన కథ ముందే ఉంది. కవి దాన్ని వాడుకోవాలంటే ఎక్కడో ఒకచోట కత్తిరించాలి. కత్తెర ఎక్కడ పడిందో పాఠకుడు మూలానికి వెళ్లి చూసుకోవచ్చు.

‘ఫ్యూనరల్ రైట్స్’ అనే కవితలో ఆ కత్తెర స్పష్టంగా కనిపిస్తుంది. మూడు భాగాల కవిత ఇది. మొదటి భాగంలో వక్త యువకుడిగా బంధువుల శవపేటికలు భుజాన మోసిన అనుభవం ఉంది. చేతులకు జపమాల చుట్టిన పెద్దలు, కొవ్వొత్తులు, చుట్టూ మూగిన ఆడవాళ్లు. ఆ మరణాలకు ఒక పద్ధతి ఉంది, ఆ పద్ధతిలో ఓదార్పు ఉంది. రెండో భాగంలో పొరుగువాడి చేతిలో పొరుగువాడు చనిపోయే వార్తలు వస్తాయి. ఆ మరణాలకు సరిపడే కర్మకాండ సమాజం దగ్గర లేదు. అందుకే కవి ఒక మహా శవయాత్రను ఊహిస్తాడు. వేల కార్లు ఇంజన్ల అణగిన చప్పుడుతో బారులు తీరి, ఉత్తరపు కనుమ దాటి, బోయిన్ నది లోయలో సుమారు 5,000 ఏళ్ల నాటి రాతి సమాధుల వైపు సర్పంలా సాగుతాయి.

ఈ నది ఎంపిక యాదృచ్ఛికం కాదు. 1690లో బోయిన్ ఒడ్డున ప్రొటెస్టంట్ రాజు విలియం, కాథలిక్ రాజు జేమ్స్‌ను ఓడించాడు. ఉత్తర ఐర్లండ్ ప్రొటెస్టంట్లు ప్రతి జూలైలో డప్పులతో ఊరేగి తలచుకునేది ఆ విజయాన్నే. హీనీ ఊరేగింపులోనూ డప్పు ఉంది, కాని అది కారు ఇంజన్ల ధ్వనిగా అణగిపోయింది. ఆ కార్లు యుద్ధభూమిని వదిలి, కాథలిక్, ప్రొటెస్టంట్ అన్న మాటలు పుట్టకముందే కట్టిన సమాధులకు చేరతాయి. రెండు పక్షాలకూ గాయమైన పేరును తీసుకుని, ఆ పేరు కింద ఎవరి పక్షమూ కాని ఒక పాత పొరను కవి తవ్వి చూపాడు. బాగ్ కవితల్లోనూ తవ్వకమే ఉంది గాని, ఇక్కడి తవ్వకానికి చిరునామా ఉంది, తేదీ ఉంది, ఎవరిని ఉద్దేశించిందో తెలుసు. రాజకీయ కవిత్వంగా ఇది ఎంతో మెలకువైన పని.

మూడో భాగంలో సమాధికి రాయి మూసి, కార్లు తిరిగి ఉత్తరానికి బయలుదేరతాయి. దారిలో స్ట్రాంగ్‌ఫర్డ్, కార్లింగ్‌ఫర్డ్ అనే సముద్రపు పాయలున్నాయి. ఇవి వైకింగ్‌లు పెట్టిన పేర్లు. చివర ఉన్న ‘ఫర్డ్’ ఇంగ్లీషులో నదిని దాటే రేవులా కనిపిస్తుంది గాని, మూలంలో అది ‘ఫ్యోర్డ్’. కవి ఆ ఇంగ్లీషు ముసుగు తీసి పాత నార్స్ మాటను తిరిగి నిలబెడతాడు. గున్నార్ ప్రస్తావనకు దారి అలా ఆ నేల పేర్లలోంచే ఏర్పడింది. గున్నార్ కథ ఉన్న న్యాల్ సాగాకూ ఐర్లండ్‌తో నేరుగా సంబంధం ఉంది. 1014లో డబ్లిన్ దగ్గర జరిగిన క్లాంటార్ఫ్ యుద్ధాన్ని ఆ సాగా చివరి అధ్యాయాలు వర్ణిస్తాయి.

హ్లీదరెండి వాసి అయిన గున్నార్‌ను శత్రువులు అతని ఇంట్లోనే ముట్టడించి చంపారు. మట్టిదిబ్బ కింద అతణ్ణి సమాధి చేశారు. ఒక వెన్నెల రాత్రి ఆ దిబ్బ తెరచుకున్నట్టూ, లోపల నాలుగు దీపాలు వెలుగుతున్నట్టూ, గున్నార్ ప్రసన్నంగా చంద్రుడి వైపు తిరిగి పద్యం చెబుతున్నట్టూ కనిపిస్తుంది. హింసకు బలైనా, పగ తీరకపోయినా అందంగా పడుకుని ఉన్నవాడిగా హీనీ అతణ్ణి చూపుతాడు. పగల చక్రం కాసేపు చల్లబడిందన్న ఆశతో, చంద్రుణ్ణి చూస్తున్న ఆ ముఖం మీద కవిత ముగుస్తుంది.

సాగాలో ఆ దృశ్యం చూసినవారు గున్నార్ కొడుకు హోగ్ని, న్యాల్ కొడుకు స్కార్ప్‌హెడిన్. గున్నార్ చెప్పిన పద్యం భావం, శత్రువుకు తలవంచడం కంటే చావే మేలని. దిబ్బ మూసుకోగానే ఆ ఇద్దరూ ఆ మాటను ఆజ్ఞగా తీసుకున్నారు. హోగ్ని ఇంటికి వెళ్లి గున్నార్ ఆయుధాన్ని, పొడవాటి కర్రకు అమర్చిన ఆ పరశువును దించాడు. అది ఖంగున మోగింది. ఆ చప్పుడుకు గున్నార్ తల్లి రన్‌వేగ్ కోపంతో లేచి వచ్చింది. తండ్రికి వల్హల్లాలో అవసరం కనుక అందజేయడానికి తీసుకుపోతున్నానని మనవడు చెప్పాడు. ముందు నువ్వే దాన్ని పట్టి తండ్రి పగ తీర్చబోతున్నావని ఆమె గ్రహించి అంది. పగ తీర్చేవాడికి తప్ప ఆ ఆయుధం దక్కకూడదని మొదటినుంచీ పట్టుబట్టినదీ ఆమే. ఆ రాత్రే మిత్రులిద్దరూ బయలుదేరి, గున్నార్‌పై దాడి చేసినవారిలో కొందరిని వారి ఇళ్లకే వెళ్లి చంపారు.

‘పగ తీరని’ అని హీనీ చెప్పిన మాట కాబట్టి అబద్ధం కాదు. అది కొన్ని గంటలపాటు నిజం. పగకు నాంది అయిన ఘట్టాన్ని కవి పగకు విరామంగా మార్చాడు. ఇది తెలియక జరిగిన మార్పు అనుకోవడానికి వీలు లేదు. సమాధిలోని గున్నార్ గౌరవాన్ని గురించిన పద్యాలు చెబుతున్నాడన్న సంగతిని కవి తన కవితలో ఉంచాడు. మాయచేయదలచినవాడు ముందుగా దాచవలసింది ఆ పద్యాన్నే. గౌరవం అన్న మాట వినగానే సాగా చదివినవాడికి హోగ్ని గుర్తుకొస్తాడు. చదవనివాడికి వెన్నెల ఒక్కటే మిగులుతుంది. కవిత ఈ ఇద్దరు పాఠకులకూ రెండు రకాలుగా వినిపించడమే దాని బలం, అదే దాని ప్రమాదం కూడా.

కవిత వదిలేసినవారిలో రన్‌వేగ్ ఉండటం నన్ను ఎక్కువగా ఆలోచింపజేస్తుంది. హీనీ ఊహించిన శవయాత్రలో స్త్రీలు లేరు. వాళ్లు ఖాళీ అయిన వంటిళ్లలో నిద్రలో నడిచేవారిలా తిరుగుతూ, మగవాళ్ల ఊరేగింపును మనసులో ఊహించుకుంటారు. సాగాలో ఇంట్లో మిగిలిన స్త్రీ నిద్రలో లేదు. ఆయుధానికి కాపలా ఉంది. శాంతిని ఊహించడానికి కవి స్త్రీలను మౌనంలో ఉంచవలసి వచ్చింది. ‘పనిష్‌మెంట్’లోని మౌనబాలికకూ ఈ వంటిళ్లలోని నీడలకూ ఉన్న పోలిక చూస్తే, సాగా కవితలు బాగ్ కవితల లోపాలనుంచి పూర్తిగా తప్పించుకోలేదని ఒప్పుకోవలసి ఉంటుంది. నా వాదనకు ఇది ఇబ్బంది కలిగించేదే, అయినా చెప్పక తప్పదు.

సంపుటికి పేరిచ్చిన ‘నార్త్’ కవితలో కత్తెర ఇంత నెమ్మదిగా పనిచేయదు. అట్లాంటిక్ తీరాన నిలబడిన వక్తతో ఒక వైకింగ్ నౌక మాట్లాడుతుంది. వ్యాపారం, కామం, పగ, మహాసభలో చాటుమాటు కుట్రలు, అలసటకు శాంతి అని పేరు పెట్టుకోవడం, చిందిన రక్తాన్ని జ్ఞాపకం పొదగడం – ఇవన్నీ ఆ నౌక ఏకరువు పెడుతుంది. ఇక్కడ దేవతలు లేరు, బలులు లేరు, విధి లేదు. ఉన్నది మనుషుల లావాదేవీలు. తరవాత నౌక కవికి సలహా ఇస్తుంది: మాటల నిధిలో పడుకో, చీకట్లో రాయి, పెద్ద వెలుగును ఆశించకు, నీ చేతులు తడిమి తెలుసుకున్నదాన్నే నమ్ము. హింసకు ఆస్థానకవి అయినవాడికి ఎవరూ ఇవ్వని సలహా ఇది. పగను కీర్తించిన పాత గాథల నోటినుంచే కీర్తించవద్దన్న హెచ్చరిక వినిపించడం ఈ కవిత సాధించిన సంగతి. అలసటను శాంతి అనుకోవడం అన్న మాట సాగా ముగింపుకు కూడా సరిగ్గా సరిపోతుంది. న్యాల్‌ను ఇంట్లోనే కొడుకులతో సహా దహనం చేస్తారు, వారిలో స్కార్ప్‌హెడిన్ కూడా ఉన్నాడు. ప్రాణాలతో బయటపడ్డ కారి ఏళ్ల తరబడి దహనకారులను వేటాడతాడు. వారిలో కొందరు క్లాంటార్ఫ్‌లో చనిపోతారు. చివరికి కారి, దహనానికి నాయకుడైన ఫ్లోసి రాజీపడతారు. అప్పటికి చంపడానికి మిగిలినవారే తక్కువ.

పాత కావ్యాన్ని హింస మళ్లీ మొదలవకముందే ఆపడం హీనీ ఒక్కడి పద్ధతి కాదు. ఐరిష్ రిపబ్లికన్ ఆర్మీ 1994 ఆగస్టు 31న కాల్పుల విరమణ ప్రకటించిన కొద్దిరోజులకే మైకేల్ లాంగ్లీ ‘సీజ్‌ఫైర్’ కవిత ‘ది ఐరిష్ టైమ్స్’లో వచ్చింది. కొడుకును చంపిన అకిలీజ్ చేతిని ముసలి రాజు ప్రయామ్ ముద్దాడే ఇలియడ్ ఘట్టం అది. మూలంలో ప్రయామ్ గుడారంలోకి రాగానే చేసే ఆ పనిని లాంగ్లీ కవిత చివరికి జరిపాడు. హెక్టర్ అంత్యక్రియలకు అకిలీజ్ ఇచ్చిన గడువు పన్నెండో రోజున ముగిసి యుద్ధం తిరిగి మొదలవుతుందన్న సంగతి కవితలో లేదు. అయినా ఇద్దరి పరిస్థితీ ఒకటి కాదు. లాంగ్లీ తుపాకులు ఆగాక గడువును కవితగా చేశాడు. హీనీ తుపాకులు మోగుతుండగా, ఎవరూ ఇవ్వని గడువును సమాధిలోని శవం ముఖం మీద ఊహించాడు. అందుకే ‘ఫ్యూనరల్ రైట్స్’ ముగింపు అందంలో కొంత బలవంతం ఉన్నట్టు తోస్తుంది. ఆ బలవంతాన్ని నేను దోషంగా చూడను. 1975లో ఆ అందం సులువుగా వచ్చి ఉంటే అనుమానించవలసి వచ్చేది.

హీనీ నోబెల్ బహుమతి ప్రసంగం (1995)లో పురాగాథ సాయం లేకుండా ఒక సంఘటన చెప్పాడు. 1976 జనవరిలో పనివాళ్లను ఇళ్లకు చేరుస్తున్న మినీబస్సును ముసుగు మనుషులు ఆపి, కాథలిక్కులు ఎవరైనా ఉంటే ముందుకు రమ్మన్నారు. ఉన్న ఒక్క కాథలిక్ అడుగు వేయబోతుండగా, పక్కనున్న ప్రొటెస్టంట్ సహచరుడు చీకట్లో అతని చెయ్యి నొక్కాడు, కదలకు, మేం చెప్పం అన్నట్టుగా. ముసుగులవాళ్లు ఆ కాథలిక్‌ను పక్కకు నెట్టి, మిగిలినవారిపై కాల్పులు జరిపారు. పదిమంది చనిపోయారు. ఆ ప్రసంగంలో కవి నిలిచి చూసింది చేతిని నొక్కిన చేతినే. ఆ చెయ్యి కదలడం ఒక మనిషి చేసుకున్న నిర్ణయం. బాగ్ ఇవ్వలేనిది, సాగా ఇవ్వగలిగినది ఇలాంటి క్షణాన్నే.

కాల్పుల విరమణ జరిగిన మరుసటి నెలలో హీనీ డెన్మార్క్‌లోని టోలుండ్ బాగ్ ప్రాంతానికి వెళ్లాడు. ఇరవై ఏళ్ల కిందట నరబలుల నేలగా తాను ఊహించిన చోట ఈసారి దారి చూపే పలకలు, టీవీ డిష్ యాంటెనా కనిపించాయి. ‘టోలుండ్’ అనే ఆ కవితలో దేవత లేదు. తమను పగటి వెలుగులో నిలబడిన ప్రేతాలుగా, తమ ఇచ్ఛ తిరిగి తమ వశమైన మామూలు మనుషులుగా కవి చూసుకుంటాడు. 1996లో వచ్చిన ‘ది స్పిరిట్ లెవెల్’లో ఈ కవిత చేరింది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 9న లండన్ డాక్‌లాండ్స్‌లో బాంబు పేలి విరమణ ముగిసింది. సంపుటిలో కవిత కింద ‘సెప్టెంబర్ 1994’ అన్న తేదీ ఉంది.